అవ్వ వేసిన మార్కులు

రాసేది ఒకరే అయినా చూసింది ఇద్దరం, తాగింది ఇద్దరం, తప్పు చేసింది కూడా ఇద్దరం. అందుకే ఈ వ్యాసంలో 'మేము' అనే రాస్తున్నాం. మేము భార్యాభర్తలం, కోయవాళ్లం. ఇద్దరం టీటీసీ చదివి దుమ్ముగూడెం మండలంలో ప్రాథమిక పాఠశాలలో పంతుళ్లుగా చేస్తున్నాం. ఇందులో వచ్చే అవ్వ మాలో ఒకరికి తల్లి, ఇంకొకరికి అత్త. ఇద్దరం అవ్వా అనే పిలుస్తాం.

మొన్న సంక్రాంతి సెలవుల్లో అవ్వను తీసుకుని హైదరాబాద్ పోయాం. నెల ముందు ఆమె కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. మళ్లీ చూపించుకోవడానికి రమ్మన్నారు. అవ్వ కూతురి కొడుకు, అంటే మా మేనల్లుడు, టోలిచౌకిలో గది తీసుకుని ఉంటున్నాడు. వాడి గదిలోనే దిగాం. బస్సు దిగి ఆటో ఎక్కాక అవ్వ ఆ పేరు విని, "చౌకి అంటే చెక్‌పోస్టేనా? ఇక్కడ కూడా సంచులు విప్పి చూస్తారా?" అని అడిగింది. మా దిక్కు చౌకీ అంటే కాపలా, కాపలా అంటే సోదా. ఆటో అతను నవ్వి, "అమ్మా, ఇక్కడ ఎవరూ ఆపరు, ట్రాఫిక్ తప్ప" అన్నాడు.

మేనల్లుడు బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాడు. రెండేళ్లు ఉద్యోగం కోసం తిరిగి, చివరికి జూబ్లీహిల్స్‌లో బీరు తయారుచేసి అక్కడికక్కడే పోసే ఒక చోట సహాయకుడిగా చేరాడు. అలాంటి చోటును మైక్రోబ్రూవరీ అంటారు. తెలంగాణలో వీటికి 2015లో నియమాలు చేశారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఇంటి ఓనరు నమాజు తప్పని పెద్దమనిషి. అందుకని వాడు పని బట్టలు అక్కడే మార్చుకుని, ఉతికిన చొక్కా వేసుకుని గదికి వస్తాడట. ఏం పని చేస్తున్నావని ఓనరు అడిగితే "ల్యాబ్‌లో" అని చెప్పాడట. మాతో మాత్రం ఆ రాత్రి నిజం చెప్పి, "అవ్వా, రేపు మధ్యాహ్నం జనం ఉండరు. కొత్త ట్యాంకు తీస్తున్నాం. నువ్వు రుచి చూసి చెప్పాలి" అన్నాడు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మేము తాగం. ఎందుకు తాగమో ముందుకు చెప్తాం.

మరునాడు షేక్‌పేట మీదుగా ఫిల్మ్‌నగర్ దాటి పోయాం. దారి పొడుగునా సినిమా పోస్టర్లు. తెలుగు సినిమాలో గూడెం వచ్చిందంటే ఏం చూపిస్తారో మీకు తెలుసు. ఆకుల బట్టలు, మంట చుట్టూ గంతులు, ప్రతి చేతిలో కల్లు ముంత. చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో తెర కట్టి సినిమా వేస్తే ఆ సీను దగ్గర మిగతా పిల్లలు మా వైపు తిరిగి నవ్వేవాళ్లు. ఆ బొమ్మలు తయారయ్యే వీధి పక్కనే ఇప్పుడు మా పిల్లవాడు దొరల కోసం బీరు కాస్తున్నాడు.

లోపల అద్దం గోడ వెనక పెద్ద పెద్ద స్టీలు ట్యాంకులు. గోడ మీద ఫ్రేము కట్టిన లైసెన్సు. అవ్వ లోపలికి రాగానే ముక్కు ఎగబీల్చి, "జావ కాస్తున్నారా?" అంది. వాడు సంతోషపడిపోయాడు. "జావే అవ్వా. బార్లీ గింజ జావ. గింజను నానబెట్టి, మొలక రానిచ్చి, ఆరబెడతారు. అదే మాల్ట్. దాన్ని గరుకుగా మర పట్టి 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే లోపలి పిండి చక్కెర అవుద్ది. ఆ తీపినీళ్లు వడగట్టి మళ్లీ గంట కాగబెడతాం."

"ఇంత తంటానా? ఇప్పపువ్వులో తీపి దానికదే ఉంటది గదా" అంది అవ్వ. నిజమే. ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. గింజను నానబెట్టి బుజ్జగించాలి, పువ్వు నేల మీద రాలేటప్పటికే సిద్ధం.

తర్వాత వాడు అరచేతిలో పచ్చటి గుళికలు పోసి చూపించాడు. కోళ్ల మేతలా ఉన్నాయి. "ఇవి హాప్స్. ఇది కూడా పువ్వే. తీగకు కాసే ఆడపువ్వు. తీపి కోసం కాదు, చేదు కోసం, వాసన కోసం." మన దేశంలో హిమాచల్ ప్రదేశ్ లాహౌల్ లాంటి చలి ప్రాంతాల్లో కొంచెం పండుతుంది, ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి వస్తుందట. అవ్వ ఒక గుళికను వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, నాలుక కొసన పెట్టుకుని, "మందు" అంది. ఆమె అన్నది వైద్యం మందు సంగతి.

ట్యాంకులో ఉన్నది పేల్ ఏల్. లేతగా ఆరబెట్టిన మాల్ట్‌తో చేస్తారు కాబట్టి లేత రంగు, అందుకని పేల్. వెచ్చటి చోట పులిసే ఈస్ట్‌తో చేస్తారు కాబట్టి ఏల్. ఆ ఈస్ట్ పేరు శాకరోమైసిస్ సెరివిసియే. మన తాటికల్లును, జీలుగుకల్లును పులియబెట్టే వాటిలో ముఖ్యమైనదీ అదే జాతి అని మేనల్లుడు చెప్పాడు. ట్యాంకు ధర చెప్తే మా ఇద్దరి జీతాలు కళ్ల ముందు తిరిగాయి. లోపల పనిచేసే జీవి మాత్రం మన సొరకాయ బుర్రలో ఉన్నదే.

చెక్క పలక మీద మూడు చిన్న గ్లాసులు వచ్చాయి. వాటితోపాటు వాడు ఒక కాగితం పెట్టాడు. ప్రపంచమంతా బీరు పోటీల్లో న్యాయనిర్ణేతలు వాడే పద్ధతి అట, బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ అనే సంస్థది. మొత్తం 50 మార్కులు. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, అంతా కలిపి ఎలా ఉందన్నదానికి 10. పేపర్లు దిద్దడం మాకు రోజూ ఉన్న పనే. తాగకపోయినా నాలుగు చుక్కలు నాలుక మీద వేసుకుని మార్కులు వేయడానికి ఒప్పుకున్నాం. ద్రాక్ష సారాయి రుచి చూసేవాళ్లు ఉమ్మేస్తారు గానీ బీరును మింగాలట. మింగిన తర్వాత నోట్లో మిగిలే చేదును కూడా చూడాలి కాబట్టి.

అవ్వ గ్లాసు పట్టుకుంది. అందులో వేలు ముంచింది. మూడు చుక్కలు నేల మీద విదిలించి, పోయినవాళ్ల పేర్లు లోలోపల పలికింది. మూడో పేరు మా తమ్ముడిది. పెదాల కదలికలో మాకు తెలిసింది. ఇంతలో ఒక కుర్రాడు గుడ్డ తెచ్చి ఆ చుక్కలు తుడిచేశాడు. వాడి తప్పేం లేదు, వాడి పని అది. మేనల్లుడు తల దించుకున్నాడు.

అవ్వ గ్లాసును వెలుగుకి ఎత్తి చూసింది. ఆపరేషన్ తర్వాత రంగులు చూసి మురిసిపోతున్న రోజులవి. "ముదురు తేనె కాదు, లేత తేనె. మంచి రంగు" అంది. తర్వాత రెండు అరచేతులతో గ్లాసును మూసి పట్టుకుని కాసేపు వెచ్చబెట్టి అప్పుడు వాసన చూసింది. ఇప్పసారా పరీక్ష చేసేటప్పుడు కూడా అంతే. నాలుగు చుక్కలు అరచేతిలో రుద్ది వాసన చూసేది. తర్వాత పొయ్యిలో ఒక చుక్క విసిరి మంట ఎంత లేచిందో చూసేది. తర్వాతే డొప్పలో పోసేది.

మాకు ముందు నారింజ తొక్క వాసన వచ్చింది. నోట్లో పడగానే కాల్చిన రొట్టె లాంటి తీపి, ఆ వెంటే చేదు. వేపపువ్వు చేదు లాంటిది, నేలవేము అంత కాదు. మింగిన తర్వాత కూడా చేదు నిలబడింది. మేము కలిసి 33 మార్కులు వేశాం. వాసనకు 8, చూపుకు 3, రుచికి 12, నోటికి తగిలిన తీరుకు 4, మొత్తం మీద 6. మామూలుగా మా బడిలో ఇది ఫస్ట్ క్లాసు.

అవ్వ ఇంకా గ్లాసు దించలేదు. "వెనక నుంచి ఏదో వస్తాంది" అంది. "నెయ్యి కాగినట్టు."

మాకు తెలియలేదు. పాతకాలంలో మా ఇళ్లలో పాలు పితికే అలవాటు లేదు. ఆవు పాలు దూడవే అనేవాళ్లు. అందుకేనేమో నెయ్యి వాసన అవ్వకు ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. మేనల్లుడి మొహం మారిపోయింది. లోపలికి పోయి పెద్ద బ్రూవర్‌ను పిలుచుకొచ్చాడు. ఆయన తెలుగువాడు కాదు. గ్లాసును అవ్వ పట్టుకున్నట్టే అరచేతులతో మూసి వెచ్చబెట్టి వాసన చూశాడు. రెండోసారి చూశాడు. "డైఎసిటైల్" అన్నాడు. పులిసేటప్పుడు ఈస్ట్ ఆ వెన్న వాసనను పుట్టిస్తుంది, తీరిక ఇస్తే మళ్లీ తానే దాన్ని మింగేస్తుంది. తీరిక ఇవ్వకుండా చల్లబరిస్తే అది అలాగే ఉండిపోతుంది. వారాంతం అమ్మకం కోసం ట్యాంకును ముందే చల్లబరిచారని ఒప్పుకున్నాడు.

అవ్వకు ఆ మాట చెప్తే, "అదే గదా. బుడగలు నిలిచిందాక కుండ జోలికి పోవద్దు. ఇంకో రెండు రోజులు వెచ్చగా ఉంచాల్సింది. తొందరపడ్డరు" అంది.

ఆయన లేచి నిలబడి అవ్వకు దండం పెట్టాడు. తర్వాత కూర్చుని, మేనల్లుడితో తర్జుమా చేయించుకుంటూ అసలు సంగతి చెప్పాడు. వచ్చే వేసవికి ఇప్పపువ్వు వేసి ఒక పేల్ ఏల్ చేయాలని ఉంది. మంచి పువ్వు కావాలి. మీ ఊరు నుంచి పంపిస్తారా, పువ్వు ఎండబెట్టే పద్ధతి ఈ అమ్మ చెప్తారా, మంచి ధర ఇస్తాం. మేనల్లుడి కళ్లు మెరుస్తున్నాయి. వాడి పెద్ద ఆశ అదేనని మాకు అప్పుడు అర్థమైంది.

అవ్వ జవాబు చెప్పలేదు. "ఆ కాగితం ఏంది?" అని గోడ మీది లైసెన్సును చూపించి అడిగింది. సర్కారు ఇచ్చిన అనుమతి అని చెప్పాం.

"నా కుండ పగలగొట్టింది గూడ సర్కారోళ్లే గదా" అంది.

ఇక్కడ పాత సంగతి చెప్పాలి. 1995 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో మద్య నిషేధం వచ్చింది. అంతకుముందు నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం వల్లే 1993లో సారా నిషేధం కూడా వచ్చింది. ఆ ఆడవాళ్ల కష్టం అబద్ధం కాదు. మా గూడెంలో కూడా తాగి కొట్టినవాళ్లు ఉన్నారు. కానీ నిషేధం మా దగ్గరికి ఖాకీ బట్టల్లో వచ్చింది. 1996 వేసవిలో అవ్వ బట్టీ దగ్గరికి వచ్చి కుండలు పగలగొట్టారు, ఊట పారబోశారు, ఇంట్లో తినడానికి దాచుకున్న ఎండు పువ్వు కూడా తీసుకుపోయారు. అవ్వను ఒక రాత్రి కూర్చోబెట్టారు. తర్వాత వాయిదాలు. 1997లో నిషేధం సడలించారు, ఊళ్లో మళ్లీ సీసాలు దొరికాయి. అవ్వ కేసు మాత్రం నడుస్తూనే ఉంది. వాయిదా రోజున కూలి పోగొట్టుకుని, తెల్లవారుజామున నడిచి, బస్సు పట్టుకుని పోయేది.

ఇది మన కొండల్లో కొత్త కథ కాదు. పేల్ ఏల్‌కు ఇండియా పేరు పెట్టుకున్న రకం ఒకటి ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర లండన్‌లో హాడ్జ్‌సన్ అనే ఆయన బ్రూవరీ నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఏల్ మన దేశంలోని దొరలకు వచ్చేది. ఆఫ్రికా చుట్టూ నెలల ప్రయాణం. చెడిపోకుండా హాప్స్ ఎక్కువ వేసేవాళ్లు. తమ పానీయాన్ని సముద్రాలు దాటించి తెప్పించుకున్న ఆ పాలనలోనే, మన వాకిట్లో చెట్టు కల్లు నేరమైంది. ఇంటి వాడకానికి కూడా గీసుకోవద్దన్న ఆబ్కారీ నియమం, కల్లు ఆదాయాన్ని బయటి గుత్తేదార్లకు అప్పగించడం, ముఠాదార్ల మీద మన్సబ్‌దార్ ఒత్తిడి, వడ్డీ వ్యాపారుల మోసం, ఇవన్నీ కలిసి 1879 మార్చిలో రంప తిరుగుబాటు లేచింది. జులై నాటికి అది మా భద్రాచలం తాలూకాకు పాకింది. మన పెద్దలు తుపాకీకి ఎదురు నిలబడిన కారణాల్లో ఒకటి బుర్రెడు కల్లు. మేము చదివిన ఏ పాఠ్యపుస్తకంలోనూ ఆ కారణం ఇంత సూటిగా లేదు.

ఇప్పుడు మా తప్పు చెప్తాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాకు చాలా ఉత్సాహం. మా పిల్లలు బాగుపడాలంటే గూడెంలో సారా పోవాలని నమ్మాం. అట్టముక్కల మీద నినాదాలు రాసి పిల్లలతో ఊరేగింపు తీశాం. 'సారా కుండ పగలగొడదాం' అని రాసిన అట్ట పట్టుకున్నది ఎనిమిదేళ్ల మా మేనల్లుడే. వాడు అవ్వ పెరటి ముందు నిలబడి గొంతు చించుకుని అరిచాడు. అవ్వ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం పొయ్యి మీది కుండ దించి బోర్లించింది. మళ్లీ పెట్టలేదు. మేము గెలిచామనుకున్నాం.

ఆ ఏడే గూడెం చివర బెల్టు షాపు వచ్చింది. దాని ముందుకు మేము ఊరేగింపు తీయలేదు. దాని వెనక ఎవరున్నారో అందరికీ తెలుసు, ఉద్యోగాలు కొత్తవి, భయపడ్డాం. అవ్వ కుండ ఏడాదిలో కొన్నాళ్లే కాగేది. పండుం వచ్చినప్పుడు, పెళ్లికి, చావుకి. బెల్టు షాపుకు పండగ లేదు, పొద్దు లేదు. మా తమ్ముడు అక్కడే తాగాడు. ముప్పై నాలుగేళ్లకు కామెర్లు వచ్చి, పొట్ట ఉబ్బి పోయాడు. అప్పటి నుంచి మేము తాగం.

అవ్వ కుండ ఉంటే వాడు బతికేవాడని మేము చెప్పం. ఆ కుండ కూడా కొందరిని పడగొట్టింది. చెప్పదలుచుకున్నది ఒకటే. మేము సులువుగా ఆపగలిగిన చోట ఆపాం. ఆపాల్సిన చోటికి పోలేదు. ఆపిన చోట ఒక ముసలామె చేతిలో ఉన్న చదువును కూడా ఆపేశాం. వెన్న వాసన పట్టే ముక్కు, బుడగలు చూసి కాలం చెప్పే కన్ను, ఎప్పుడు పోయాలో ఎప్పుడు చాలనాలో తెలిసిన నోరు, ఇవి ఉన్నాయని మాకు జూబ్లీహిల్స్‌లో తెలిసింది.

గ్లాసులు తీసేసే ముందు అవ్వ జవాబు చెప్పింది. "పువ్వు నాది గాదు. చెట్టు కింద ఏరుకునే అందరిది. ఊళ్లో అడగాలె." బ్రూవర్‌కు అర్థం కాలేదు. మీ ఇంటి చెట్టు కాదా అని అడిగాడు. మేము వివరించాం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం ఉంది. మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలని అందులో రాసుంది. చిన్న అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యమూ గ్రామసభదే. మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, ఆదివాసీ బృందాలే తయారుచేసి అమ్ముకునేలా విధానం తెచ్చింది. మన ఉట్నూరులో ఆదివాసీ ఆడవాళ్లు ఇప్పపువ్వు లడ్డూలు చేసి పేరు తెచ్చుకున్నారు. కాబట్టి పువ్వు మూటకట్టి ఇచ్చి చేతులు దులుపుకోవడం ఒక్కటే దారి కాదు.

టోలిచౌకికి తిరిగి వస్తుంటే ఆటోలో మేనల్లుడు మాట్లాడలేదు. గది మెట్ల దగ్గర అవ్వ వాడి తల నిమిరి, "నువ్వు అరిచినందుకు గాదురా కుండ దించింది. మీ మామ, అత్త చిన్నబోతారని" అంది. అంతకాలం మేము ఆ మాట ఆమెను అడగనే లేదు.

చదువుకున్న మనవాళ్లకు ఒక మాట. మీ బడిలో, మీ ఊళ్లో ఊరేగింపు తీసే ముందు ఆ పొయ్యి దగ్గర కూర్చున్న ముసలామెతో ఒక పూట మాట్లాడండి. తాగుడు మనల్ని తింటున్నది నిజం, దాన్ని దాచొద్దు. కానీ బెల్టు షాపును, అవ్వ కుండను ఒకే అట్టముక్క మీద రాయకండి. రేపు పట్నం వాళ్లు మన పువ్వును అడుగుతూ వస్తారు. అప్పుడు జవాబు ఒక ఇంటి నుంచి కాదు, ఊరి నుంచి పోవాలి. మా గూడెంలో ఈ సంగతి ఇప్పపూల పండగ రోజు కూర్చుని మాట్లాడుకుందామని పెద్దలకు చెప్పాం. ఇవ్వొద్దు అంటే మేనల్లుడికి ఆ మాటే చెప్తాం. వాడికి బాధ కలుగుతుందని తెలుసు.

పోయిన వారం వాడు ఫోన్ చేశాడు. అవ్వ ఫోన్ లాక్కుని మొదట అడిగింది పువ్వు గురించి కాదు.

"ఆ రెండు రోజులు ఆగిండ్రా?"

"ట్యాంకు మళ్లీ వెచ్చబెట్టి ఆగాం అవ్వా. వాసన పోయింది."

"సరే అయితే," అంది అవ్వ, "ఇంకో రెండు మార్కులు వేసుకో."